హో చి మిన్ మెట్రో లైన్ 1: జపాన్ అప్పు మీద వడ్డీ నామమాత్రమే, మరి ఖర్చు ఇన్ని రెట్లు ఎలా పెరిగింది?

కృష్ణాతీరం
వియత్నాంలోని హో చి మిన్ నగరంలో బెన్ థాన్ నుంచి సువోయ్ తియెన్ దాకా మెట్రో రైలు 2024 డిసెంబరు 22న మొదలైంది. పొడవు 19.7 కి.మీ. 14 స్టేషన్లలో మూడు భూగర్భంలో ఉన్నాయి, మిగతావి పిల్లర్ల మీద. పని మొదలైంది 2012 ఆగస్టులో. 2007లో వేసిన అంచనా 17,387 బిలియన్ డాంగ్‌లు (వియత్నాం కరెన్సీ). 2011లో అది 47,325 బిలియన్లకు పోయి, 2019లో 43,757 దగ్గర ఆగింది. డబ్బులో సింహభాగం జపాన్ ప్రభుత్వ సాయ సంస్థ జైకా ఇచ్చిన అప్పు, వడ్డీ 0.1 శాతం అంటారు. ఇంత చవక అప్పుతో కట్టిన లైను ఇంత ఖరీదు ఎందుకైంది? ‘అవినీతి’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా ఏ పద్దులో ఎంత పెరిగిందో తెలిసినవాళ్లు రాయండి.

లెక్కల_మాస్టారు
ముందు ఒక సవరణ. 0.1 శాతం అన్నది 2016 నాటి విడతకు వర్తించే రేటు. 2007 మార్చిలో సంతకమైన తొలి విడత, దాదాపు 2,090 కోట్ల యెన్లు, 0.4 శాతానికి తీసుకున్నది. 2012 విడత 0.2 శాతానికి. ఏ విడత రేటు దానిదే. యెన్ వడ్డీలు పెరిగాక ఇప్పుడు కొత్తగా తీసుకునే అప్పులకు 0.1 దొరకదు.

ఇక అసలు లెక్క. డాంగ్‌లను కాసేపు పక్కన పెట్టి యెన్లలో చూడండి. 2007 అంచనా 12,658 కోట్ల యెన్లు, 2011 అంచనా 23,663 కోట్ల యెన్లు. అంటే యెన్లలో పెరిగింది 1.87 రెట్లే. అదే డాంగ్‌లలో 2.72 రెట్లు. 2.72ను 1.87తో భాగిస్తే 1.46 వస్తుంది. ఆ 1.46 రెట్లకు ఇనుముతోనూ సిమెంటుతోనూ సంబంధం లేదు, అది మారకం రేటు. తొలి అంచనాలో ఒక యెన్‌కు 137 డాంగ్‌లు లెక్క వేశారు, రెండో అంచనాలో 200. పత్రికల్లో ‘ఖర్చు దాదాపు మూడింతలు’ అని వచ్చిందాంట్లో ఈ భాగం చాలా పెద్దది.

వడ్డీ సంగతి కూడా చూద్దాం. సులువు కోసం 10,000 కోట్ల యెన్ల అప్పు అనుకోండి. 0.1 శాతం చొప్పున ఏడాదికి వడ్డీ 10 కోట్ల యెన్లు. యెన్ విలువ డాంగ్‌తో పోలిస్తే ఒక్క శాతం పెరిగిందా, అసలు మీదే 100 కోట్ల యెన్ల భారం పడుతుంది. పదేళ్ల వడ్డీకి అది సమానం. 2007 నుంచి 2012 లోపు యెన్ డాంగ్ మీద ఒక్క శాతం కాదు, దాదాపు రెట్టింపు అయింది. తర్వాత 2022-24లో యెన్ పడిపోవడంతో కొంత వెనక్కి వచ్చింది. అందుకే యెన్ అప్పు చవకా ఖరీదా అన్నది వడ్డీ రేటు చూసి చెప్పకూడదు. టికెట్టు డబ్బులు డాంగ్‌లలో వస్తాయి, వాయిదా యెన్లలో పోతుంది.

రమ్య_పి
మాస్టారూ, మారకం సంగతి అర్థమైంది. మిగిలిన 1.87 రెట్లు ఎక్కడివి?

పట్టాలమనిషి
రమ్య గారూ, అందులో పెద్ద వాటా ధరలదే. 2007 అంచనా వేసింది 2006 నాటి ధరలతో. ఆ తర్వాత వియత్నాంలో ద్రవ్యోల్బణం 2008లో 23 శాతం దాకా, 2011లో 18 శాతం పైన నడిచింది. పైగా ఆ దేశంలో అంతకుముందు మెట్రో అన్నదే లేదు. పోల్చుకోవడానికి స్థానిక రేటు లేక తొలి అంచనా ప్రాథమిక డిజైన్ మీద వేసింది. కన్సల్టెంట్లు వివరంగా గీసేసరికి పరిమాణాలూ మారాయి, పరికరాలూ పెరిగాయి, ధరల పెరుగుదలకు విడిగా నిధి పెట్టాల్సి వచ్చింది.

దీనికన్నా ఎక్కువ నష్టం చేసింది ఇంకొకటి ఉంది. 35,000 బిలియన్ డాంగ్‌లు దాటిన ప్రాజెక్టు అప్పటి నిబంధన ప్రకారం జాతీయ అసెంబ్లీ ముందుకు వెళ్లాలి. పెంచిన 47,325 బిలియన్లకు నగరపాలక కమిటీ స్థాయిలోనే ఆమోదం ఇచ్చేశారు. తర్వాత ‘ఈ ఆమోదం చెల్లుతుందా’ అన్న ప్రశ్న వచ్చింది. చెల్లని అంచనా మీద కేంద్రం అప్పు డబ్బు ఎలా విడుదల చేస్తుంది? జైకా దగ్గర డబ్బు సిద్ధంగా ఉంది, సైటులో పని జరుగుతోంది, మధ్యలో కాగితం ఆగిపోయింది. నగరం తన బడ్జెట్‌లోంచి ముందస్తుగా ఇచ్చి కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. 2018 చివరికి బకాయిలు 10 కోట్ల డాలర్లు దాటాయి. ఇవ్వకపోతే పని ఆగుతుందని జపాన్ రాయబారి లేఖ రాయాల్సి వచ్చింది. సవరించిన అంచనాకు సక్రమంగా ఆమోదం వచ్చింది 2019 నవంబరులో.

బిల్లు ఆలస్యమైతే కాంట్రాక్టరు కూలీలను తగ్గిస్తాడు, క్రేన్లు వేరే సైటుకు పంపేస్తాడు, తర్వాత ‘మీ వల్లే ఆలస్యం’ అని అదనపు సమయం, అదనపు ఖర్చు క్లెయిమ్ చేస్తాడు. ఆ క్లెయిములకు మళ్లీ మధ్యవర్తిత్వం. ఒక ఏడాది కాగితం ఆగితే సైటులో ఒక ఏడాది కాదు, అంతకన్నా ఎక్కువే పోతుంది.

కృష్ణాతీరం
ఈ జైకా అప్పుకున్న ‘స్టెప్’ షరతుల వల్ల జపాన్ కంపెనీలే వస్తాయి, పోటీ ఉండదు అంటారు. ఆ షరతులు ఖచ్చితంగా ఏమిటి?

టెండరుశర్మ
స్టెప్ అంటే జపాన్ అప్పుల్లో 2002లో వచ్చిన ఒక ప్రత్యేక పద్ధతి. జపాన్ సాంకేతికత వాడే ప్రాజెక్టులకు మామూలు యెన్ అప్పుకన్నా తక్కువ వడ్డీ ఇస్తారు. ఈ లైను అప్పుకు 40 ఏళ్ల గడువు, అందులో మొదటి పదేళ్లు అసలు సొమ్ము కట్టక్కర్లేదు. బదులుగా ప్రధాన కాంట్రాక్టరు జపాన్ సంస్థ అయి ఉండాలి. స్థానిక సంస్థతో కలిసి జాయింట్ వెంచర్ వేయవచ్చు గానీ ముందుండేది జపాన్ సంస్థే. కాంట్రాక్టు మొత్తంలో కనీసం 30 శాతం విలువైన సరుకు, సేవలు జపాన్ మూలం కావాలి. సబ్‌కాంట్రాక్టు మాత్రం ఏ దేశం వారికైనా ఇవ్వవచ్చు.

ఈ 30 శాతాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఒక్కో వస్తువుకు 30 శాతం అని కాదు, కాంట్రాక్టు మొత్తానికి. మట్టి పని, కాంక్రీటు, స్థానిక కూలీ ఎక్కువగా ఉన్న సివిల్ ప్యాకేజీలో ఆ 30 శాతం పూరించడం కష్టం. రైళ్లు, సిగ్నలింగ్, విద్యుత్ ఉన్న ప్యాకేజీలో ఇబ్బందే లేదు. లైన్ 1లో పనిని అలాగే విడగొట్టారు: భూగర్భ భాగానికి రెండు ప్యాకేజీలు, పిల్లర్ల మార్గం, డిపో కలిపి ఒకటి, రైళ్లు-పట్టాలు-సిగ్నలింగ్-విద్యుత్ కలిపి ఒకటి. ఆఖరిది హిటాచీకి వెళ్లింది. మూడు బోగీల రైళ్లు 17 ఇచ్చారు.

పోటీ తగ్గుతుందన్న మాట నిజమే. ఇద్దరు ముగ్గురే బిడ్డు వేస్తారు, కొన్నిసార్లు ఒక్కరే. బిడ్డు అంచనా దాటితే చేతిలో రెండే దారులు: బేరమాడటం, లేదా మళ్లీ టెండరు పిలవడం. మళ్లీ పిలిస్తే ఏడాది పోతుంది, వచ్చేదీ ఆ ఇద్దరే. అందుకే స్టెప్ టెండరుకు వెళ్లేముందు యజమాని తరఫున స్వతంత్ర రేటు విశ్లేషణ ఉండి తీరాలి. టోక్యో రేటు, బ్యాంకాక్ రేటు, ఢిల్లీ రేటు పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటేనే బేరం సాగుతుంది. విడిభాగాల ధరలు కూడా మొదటి టెండరులోనే పదేళ్లకు రాయించుకోవాలి. రైలు దిగాక అడిగితే అమ్మేవాడు చెప్పిందే ధర.

ఒక న్యాయం కూడా చెప్పాలి. 2008లో, మళ్లీ 2014లో జపాన్ కన్సల్టెన్సీలు వియత్నాం అధికారులకు లంచం ఇచ్చినట్టు జపాన్‌లోనే బయటపడింది. రెండుసార్లూ జపాన్ కొత్త సాయాన్ని కొంతకాలం ఆపేసింది. అవి వేరే ప్రాజెక్టులు. వాటిని తెచ్చి లైన్ 1 ఖర్చుకు కారణంగా చూపడం సరికాదు, పైన మాస్టారు చూపిన లెక్కే అందుకు సాక్ష్యం.

శ్రీకాకుళం_సివిల్
2020లో పిల్లరు మీది రబ్బరు బేరింగ్ ఒకటి జారి పడిపోయింది కదా. జపాన్ నాణ్యత అంటే ఇదేనా? పైన వందల టన్నుల గర్డర్ కూర్చుని ఉండగా కిందున్న రబ్బరు దిమ్మ బయటికి ఎలా వస్తుంది?

వంతెనరాజు
మంచి ప్రశ్న తమ్ముడూ. ఆ సంఘటనలో ఎవరిది తప్పు అన్న జోలికి పోను. రబ్బరు బేరింగ్ ఎలా జారుతుందో మాత్రం చెబుతాను, ఎందుకంటే ఇది ఏ దేశంలోనైనా జరుగుతుంది.

పొరలు పొరలుగా రబ్బరు, మధ్యలో స్టీలు రేకులు, ఇదీ బేరింగ్. చాలాచోట్ల దాన్ని బోల్టుతో బిగించరు, పైనున్న బరువే పట్టి ఉంచుతుంది. అందరూ ముందు ఉష్ణోగ్రతను అనుమానిస్తారు. లెక్క వేద్దాం. 35 మీటర్ల గర్డర్, రెండు చివరలా రబ్బరే. ఒక్కో చివర కదిలేది సగం పొడవుకు, అంటే 17.5 మీటర్లకు. 15 డిగ్రీల తేడాకు 2.6 మి.మీ. కాంక్రీటు కుంచించుకుపోవడం, క్రీప్ (ఎడతెగని బరువుకు కాంక్రీటు మెల్లగా అణగడం) కలిపి ఇంకో 5 మి.మీ. వేసుకున్నా మొత్తం 8 మి.మీ. లోపే. 60 మి.మీ. రబ్బరుకు అది పెద్ద కదలికే కాదు.

బలం చూడండి. 600 × 600 మి.మీ. బేరింగ్ మీద కనీసం 1,100 కిలోన్యూటన్ల (దాదాపు 112 టన్నుల) శాశ్వత భారం ఉందనుకుందాం. ఒత్తిడి 3.05 మెగాపాస్కల్. యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 1337-3 ప్రకారం కాంక్రీటు మీద ఘర్షణ గుణకం 0.1 + 0.9 ÷ ఒత్తిడి, అంటే 0.395. జారకుండా ఆపగల బలం 434 కిలోన్యూటన్లు. 8 మి.మీ. కదలిక వల్ల రబ్బరు తోసే బలం 43 కిలోన్యూటన్లు. పదింతల భద్రత ఉంది. కాబట్టి బరువు సరిగ్గా కూర్చున్న బేరింగ్ ఎండకు జారదు.

జారేది బరువు కూర్చోని బేరింగే. గర్డర్‌కు నాలుగు మూలలా నాలుగు బేరింగులు. గర్డర్ మెలి తిరగడానికి బాగా మొండికేస్తే, బేరింగుల కింద పిల్లరు మీదుండే కాంక్రీటు దిమ్మెల మట్టం ఒకచోట 3 మి.మీ. తగ్గినా అది మూడు కాళ్ల పీటలా మూడింటి మీదే నిలబడుతుంది. బరువుకు రబ్బరు అణిగేదే రెండు మూడు మి.మీ. కనుక ఆ నాలుగో మూలలో ఒత్తిడి దాదాపు పోతుంది. ఇక్కడే ఒక మోసం ఉంది. పైన చెప్పిన సూత్రంలో ఒత్తిడి తగ్గేకొద్దీ ఘర్షణ గుణకం పెరుగుతున్నట్టు కనిపిస్తుంది. దాన్ని నమ్మకూడదు. అందుకే ప్రమాణంలో కనీస ఒత్తిడి 3 మెగాపాస్కల్ ఉండాలన్న నిబంధన విడిగా పెట్టారు. డిజైన్ కాగితంలో ఈ రెండో తనిఖీ ఉందో లేదో ముందు చూడాలి.

దీనికి వాలు తోడవుతుంది. మార్గం 2 శాతం వాలులో ఉంటే గర్డర్ అడుగున ఆ వాలుకు తగ్గట్టు ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా ఉండే పలక పెట్టి బేరింగ్ పైముఖాన్ని మట్టం చేయాలి. అది లేకపోతే 1,100కు 2 శాతం, అంటే 22 కిలోన్యూటన్లు రాత్రీ పగలూ ఒకే వైపు తోస్తూ ఉంటుంది. బరువు సరిగ్గా ఉన్నచోట ఇదేమీ చేయలేదు. బరువు లేని మూలలో మాత్రం రోజుకు కొంచెం కొంచెంగా బేరింగ్ నడుచుకుంటూ అంచుకు వస్తుంది. దిమ్మె మీద సిమెంటు పాలపొర గీకకుండా వదిలేసి, దాని మీద వానా దుమ్మూ పడితే నడక ఇంకా జోరవుతుంది. పట్టాలు, రైళ్లు ఇంకా రాని దశలో గర్డర్ తేలిగ్గా ఉంటుంది, అప్పుడే ఎక్కువగా జరుగుతుంది.

శ్రీకాకుళం_సివిల్
బాగా అర్థమైంది అన్నా. మరి జారాక ఏం చేస్తారు? గర్డర్ దించాలా?

వంతెనరాజు
దించక్కర్లేదు. ముందు ఆ ఒక్కటే కాదు, అన్ని పిల్లర్ల మీదా ప్రతి బేరింగ్ స్థానం కొలవాలి. దిమ్మె అంచు నుంచి నాలుగు వైపులా దూరం తీసి పట్టికలో రాసి, నెల తర్వాత మళ్లీ కొలిచి తేడా చూడాలి. ఒక్కసారి మాత్రమే కొలిచి ‘బాగుంది’ అంటే లాభం లేదు, నడక తెలిసేది రెండో కొలతలోనే.

మార్చేటప్పుడు గర్డర్ చివర అడ్డదూలం కింద జాకీలు పెట్టి, అన్నింటినీ ఒకే పంపుతో సమంగా 5 మి.మీ. లోపే ఎత్తుతారు. ఎక్కువ ఎత్తితే పైన పట్టా పట్టీలు ఊడతాయి. జాకీకి లాక్‌నట్ తిప్పాకే చెయ్యి లోపల పెట్టాలి, నూనె ఒత్తిడిని నమ్మి పెట్టకూడదు. పాత బేరింగ్ తీసి, దిమ్మె ముఖం గీకి, మట్టం కొలిచి, ఎపాక్సీ మోర్టారుతో సరిచేసి, కొత్తది పెట్టి దించాక నాలుగు పక్కలా ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) తోసి చూడాలి. ఎక్కడైనా రేకు లోపలికి దూరిందంటే అక్కడ బరువు కూర్చోలేదు, మళ్లీ ఎత్తాలి. ఆఖరున నాలుగు వైపులా స్టీలు అడ్డుపట్టీలు బిగించాలి. ఖర్చు పరంగా ఆ పట్టీలు చాలా చిన్నవి, మొదటి రోజే పెడితే ఇంత గొడవ ఉండదు.

గోదారి_పైలు
రాజు గారు పైభాగం చెప్పారు, నేను కింది మట్టి సంగతి రాస్తాను. జపాన్ డబ్బుతో వియత్నాంలో కట్టిన వంతెనల్లో రెండిటిని పక్కపక్కన పెట్టి చదవాలి.

ఒకటి కాన్ థో వంతెన. మెకాంగ్ డెల్టాలో, కేబుల్ వంతెన, ప్రధాన స్పాన్ (రెండు స్తంభాల మధ్య భాగం) 550 మీటర్లు. 2007 సెప్టెంబరు 26న నిర్మాణంలో ఉన్న అప్రోచ్ (ఒడ్డు వైపు) స్పాన్లు కూలి 50 మందికి పైగా చనిపోయారు. కూలింది పక్కా వంతెన డిజైన్ తప్పు వల్ల కాదు. కాంక్రీటు పోసిన గర్డర్‌ను తాత్కాలికంగా మోస్తున్న స్టేజింగ్ టవర్ పునాది ఒక పక్క దిగబడిందని దర్యాప్తు తేల్చింది. డెల్టా బురదలో ఇదే ప్రమాదం. మొత్తం పునాది సమంగా 30 మి.మీ. దిగినా టవర్ నిలుస్తుంది. ఒక కాలు మాత్రం కొద్దిగా ఎక్కువ దిగితే బరువు పక్క కాలి మీదికి పోతుంది, అక్కడి సన్న స్టీలు కమ్మీ వంగుతుంది, ఆ తర్వాత క్షణాల పని. కాబట్టి తాత్కాలిక పైలుకు (భూమిలోకి దింపే పునాది స్తంభానికి) కూడా శాశ్వత పైలుకు చేసినట్టే లోడ్ పరీక్ష చేయాలి. కాంక్రీటు పోయకముందే ఇసుక బస్తాలు గానీ నీటి ట్యాంకులు గానీ పెట్టి ముందస్తు భారం ఎక్కించి, దిగుబాటు ఆగిందని చూశాకే పోయాలి. పోసిన తర్వాత కాంక్రీటుకు, కేబుళ్లకు బలం వచ్చేదాకా ప్రతి కాలుకూ విడివిడిగా మట్టం రీడింగులు తీయాలి, సగటు తీసి రాయకూడదు. గోదావరి లంక భూముల్లో స్టేజింగ్ వేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఆ వంతెన 2010 ఏప్రిల్‌లో తెరుచుకుంది.

రెండోది హనోయ్‌లో ఎర్రనది మీది న్యాత్ తాన్. 2015 జనవరిలో తెరిచారు. ఐదు టవర్లు, ప్రధాన వంతెన 1,500 మీటర్లు: చివర్ల 150 చొప్పున, మధ్యలో నాలుగు 300లు. అక్కడ వియత్నాంలో తొలిసారి స్టీలు పైపుల బావి పునాది వాడారు. 1.2 మీటర్ల వ్యాసం ఉన్న స్టీలు పైపులను పక్కపక్కనే కొక్కేలతో కలుపుతూ నదిలో వలయంగా దింపుతారు. మామూలుగా అయితే నీళ్లు ఆపడానికి ఒక కాఫర్‌డ్యామ్, బరువు మోయడానికి వేరే పైళ్లు. ఇక్కడ ఆ వలయమే నీళ్లను ఆపుతుంది, అదే చివరికి పునాది అవుతుంది. నది కోతకు అడుగు మట్టం మారే చోట ఇది బాగా పనికొస్తుంది. కొక్కేల కీలు దగ్గరే జాగ్రత్త కావాలి: మొదటి పైపు నిలువు తప్పితే ఆ తప్పు పైపు పైపుకూ పెరిగి, వలయం మూసే ఆఖరి పైపు దూరదు. కీలులో మట్టిని నీటి జెట్‌తో పూర్తిగా కడగకుండా మోర్టారు పోస్తే అక్కడే ఊట మొదలవుతుంది.

స్టెప్ ఇచ్చే అసలు లాభం ఇలాంటి చోట కనిపిస్తుంది. పద్ధతి ఒకసారి ఆ దేశపు ఇంజినీర్ల చేతికి వచ్చిందంటే అప్పు తీరాక కూడా ఉంటుంది.

రమ్య_పి
హనోయ్‌లో కూడా మెట్రో ఉంది కదా. అది కూడా జపానేనా?

పట్టాలమనిషి
కాదండీ, అక్కడే చిక్కు. హనోయ్ లైన్ 2ఏ చైనా అప్పుతో కట్టింది, 13 కి.మీ., 2021 నవంబరులో మొదలైంది, రైలుకు కరెంటు పక్కనుండే 750 వోల్టుల మూడో పట్టా నుంచి. హనోయ్ లైన్ 3 ఫ్రెంచ్ రైళ్లతో 2024 ఆగస్టులో పిల్లర్ల భాగం వరకు తెరిచారు, అదీ 750 వోల్టుల మూడో పట్టాయే గానీ రైళ్లు, సిగ్నలింగ్ వేరు. హో చి మిన్ లైన్ 1 జపాన్‌ది, 1,500 వోల్టుల పైతీగ. 2024 చివరికి దేశం మొత్తం మీద నడుస్తున్నవి మూడే లైన్లు, వాటికి మూడు రకాల సరంజామా. ఒకదాని బ్రేకు ప్యాడ్ ఇంకోదానికి పనికిరాదు, ఒకచోట శిక్షణ పొందిన సిగ్నల్ టెక్నీషియన్‌ను ఇంకోచోటికి మార్చలేరు. డిపోలో ఎత్తే జాకీల దగ్గర్నుంచి పరీక్షా పరికరాల దాకా అన్నీ విడివిడిగా కొనాలి. హైదరాబాద్ మెట్రో మూడు కారిడార్లకూ ఒకే 25 కిలోవోల్టుల తీగ, ఒకే రకం రైళ్లు, ఒకే సిగ్నలింగ్ ఉండటం వల్ల ఎంత కలిసొస్తుందో డిపో నడిపేవాళ్లకే తెలుస్తుంది.

ఇది వియత్నాం వాళ్లూ గ్రహించారు. హో చి మిన్ లైన్ 2కు విదేశీ అప్పుల ప్రణాళిక మార్చుకుని నగర బడ్జెట్ వైపు తిరిగారు. 2024 నవంబరులో జాతీయ అసెంబ్లీ ఆమోదించిన 1,541 కి.మీ. ఉత్తర-దక్షిణ హైస్పీడ్ లైనుకు కూడా ప్రభుత్వ పెట్టుబడి మార్గమే ఎంచుకున్నారు. 2010లో షింకాన్‌సెన్ తరహా ప్రతిపాదనను ఇదే అసెంబ్లీ ఖర్చు ఎక్కువని తిప్పికొట్టింది.

కృష్ణాతీరం
అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, ఒక్క చివరి సందేహం. పదేళ్లు అసలు సొమ్ము కట్టక్కర్లేదని శర్మ గారు అన్నారు. ఆ పదేళ్లు రైలు నడవడం మొదలైన రోజు నుంచా?

లెక్కల_మాస్టారు
కాదండీ, ఒప్పందం తేదీ నుంచి. తొలి విడత సంతకం 2007 మార్చి, పదేళ్ల విరామం 2017లో అయిపోయింది. రైలు నడిచింది 2024 డిసెంబరులో. అంటే ఒక్క టికెట్టు అమ్మకముందే తొలి విడత అసలు మీద ఏడేళ్ల పైచిలుకు వాయిదాలు కట్టారు. నా ఉదాహరణలోని 10,000 కోట్ల యెన్లకైతే 30 ఏళ్లు, ఆరు నెలలకొకటి చొప్పున 60 వాయిదాలు, ఒక్కోటి సుమారు 167 కోట్ల యెన్లు. ఏడేళ్లకు 14 వాయిదాలు, 2,300 కోట్ల యెన్ల పైన. టెండరుశర్మ గారు చెప్పిన మళ్లీ టెండరు ఏడాది, పట్టాలమనిషి గారు చెప్పిన ఆగిన కాగితం ఏడాది, రెండూ ఈ పదేళ్లలోంచే తింటాయి.